మబ్బు చెవి

పదకొండేళ్ళుగా ఆ గుర్రానికి కొలతలు తీస్తున్న మనిషి ఆవిడ. వీపు వెడల్పెంతో, పొట్టచుట్టు ఎన్ని అంగుళాలో, చలికి ఎంత బొద్దెక్కుతుందో, ఎండలకు ఎంత చిక్కుతుందో టేపు పట్టకుండా చెప్పగలదు. అయినా ఆ పొద్దున మూడు మెట్ల చెక్కపీట ఎక్కి, ఎడమకాలు రికాబులో పెట్టి, కుడికాలు అవతలికి వేసి జీను మీద కూర్చున్నప్పుడు ఆవిడ గుండె ఝల్లుమంది. ఇన్నాళ్ళూ ఆ గుర్రాన్ని తను చూసింది గోడను చూసినట్టే. ఇప్పుడా గోడ తన కాళ్ళ మధ్య ఊపిరి తీస్తోంది. పీల్చినప్పుడల్లా ఆవిడ మోకాళ్ళు రెండూ వెంట్రుకవాసి ఎడమవుతున్నాయి, వదిలినప్పుడల్లా దగ్గరవుతున్నాయి.

“ఎలా ఉందమ్మా?” అని కిందనుంచి అడిగాడు మాస్టారు.

ఆవిడ చుట్టూ చూసింది. పైనుంచి చూస్తే అంతా కొత్తగా ఉంది. రేకుల కప్పు కింద పిచ్చుక గూట్లో మూడు పిల్లలున్నాయి. కిటికీ మీది అంచున ఎవరో ఎప్పుడో పెట్టి మరిచిపోయిన గాజు గ్లాసు ఉంది. చివరికి దొరికిన మాట ఇది:

“మాస్టారూ, మీ నడినెత్తిన పుట్టుమచ్చ ఉంది.”

“నలభై ఏళ్ళుగా జనాన్ని గుర్రాలెక్కిస్తున్నా. ఎక్కగానే ఈ మాట అన్నది నువ్వొక్కదానివే” అన్నాడాయన, నెత్తి తడుముకుంటూ.

ఊరి చివరనున్న ఆ సవారీ బడిలో గుర్రాలు పధ్నాలుగు. వాటి జీనుల కింద వేసే మెత్తలు, చలి దుప్పట్లు, పొట్టకింద బిగించే పట్టీలు, అన్నీ ఆవిడ చేతి కుట్టే. మెడలో ఎప్పుడూ నాలుగు రంగుల దారం ఉండలు వేలాడుతుంటాయి గనక అందరికీ ఆవిడ దారాలక్క. తెల్లజుట్టు మాస్టారికీ దారాలక్కే, పాల ప్యాకెట్లు వేసే మనిషికీ దారాలక్కే. గుర్రాలశాల పక్కనే ఆవిడ కుట్టు గది. మధ్యలో ఉన్నది నడుమెత్తు చెక్కగోడ. పాదం కింద మిషను ఆడుతుంటే గోడ అవతలినుంచి ఏదో ఒక తల వచ్చి ఆవిడ భుజం మీద వెచ్చగా బుస్సుమనేది. ఎక్కువసార్లు వచ్చే తల మబ్బుది.

మబ్బు బూడిదరంగు ఆడగుర్రం. వయసు పద్దెనిమిది. కొత్తవాళ్ళందరినీ మోసేది అదే. చంటిపిల్లల నుంచి పింఛను తీసుకునే వాళ్ళదాకా ఎంతోమంది దాని మీదే ఓనమాలు దిద్దారు.

ఆ ఏడు బడివాళ్ళు మెత్తలూ దుప్పట్లూ తయారైనవే తెప్పించడం మొదలెట్టారు. కుట్టు గది ఎత్తేస్తారన్న సంగతి దారాలక్కకు మాస్టారే చెప్పాడు. చెప్పి, గడ్డం గోక్కుంటూ ఇంకో మాట కూడా చెప్పాడు.

“కొత్తవాళ్ళకి మొదటి పాఠాలు చెప్పడానికి ఒక మనిషి కావాలమ్మా. నాకు మోకాళ్ళు పోయాయి. నువ్వైతే గుర్రాలకి తెలుసు, గుర్రాలు నీకు తెలుసు. కానీ సవారీ పరీక్ష పాసవ్వాలి. ఆరు వారాలుంది. ఎక్కుతావా?”

కాదంటే ఏముందో ఆవిడకు తెలుసు. బస్టాండు వెనక చొక్కాలు కుట్టే కార్ఖానా ఉంది. ఇక్కడికి రాకముందు అందులో నాలుగేళ్ళు పనిచేసింది. కిటికీలేని హాలు, వరసగా అరవై మిషన్లు. పొద్దున్నుంచి సాయంత్రందాకా ఆవిడ కుట్టింది కాలర్లు, చూసింది ముందు కూర్చున్న మనిషి జడ. నాలుగేళ్ళలో ఆ మనిషి మొహం ఎలా ఉంటుందో సరిగా చూసిన గుర్తు లేదు. ఆ హాల్లోకి మళ్ళీ వెళ్ళడమంటే ఆవిడకు నూతిలోకి దిగినట్టే.

“ఎక్కుతా” అంది.

ఇంట్లో అత్తాకోడళ్ళు ఇద్దరే. కొడుకు పోయి తొమ్మిదేళ్ళయినా అత్తగారి నోరు మాత్రం పదునుగానే ఉంది.

“నలభై ఎనిమిదేళ్ళొచ్చాయి. మోకాళ్ళకి తైలం రాసుకునే రోజుల్లో గుర్రం సవారీ ఏంటే? ఇన్నాళ్ళూ గుడ్డి గుర్రాల పళ్ళు తోముతున్నావనుకున్నా, ఇప్పుడు వాటి మీదకే ఎక్కుతావా?”

“మబ్బుకి కళ్ళు బాగానే కనిపిస్తాయత్తయ్యా.”

“కనిపిస్తే నిన్ను ఎక్కించుకుంటుందా?”

దారాలక్క నవ్వి, దీపం దగ్గరికి జరిగి సూదిలో దారం ఎక్కించింది. సవారీకి ప్యాంటు కావాలి. మొగుడి పాత ప్యాంట్లు రెండు పెట్టె అడుగున ఉంటే తీసి, విప్పి, తన కొలతకు మళ్ళీ కుడుతోంది. అత్తగారు ఆ గుడ్డను గుర్తుపట్టింది.  దగ్గరికొచ్చి నడుం పట్టీని వేళ్ళతో కొలిచి చూసింది.

“ఇక్కడింకో అంగుళం వదులు. వాడిలాగే పొట్ట పెంచుతున్నావు. అయినా సూదిలో దారం ఎక్కించడానికి ఆ ఊపిరి బిగబట్టడమేంటే, చెరువులో మునిగినట్టు?”

“చెయ్యి వణక్కుండా ఉండాలిగా.”

“ఏదో రోజు అలాగే పోతావు, సూది చేతిలో పెట్టుకుని.”

ఆ అలవాటు ఆవిడకు చిన్నప్పటినుంచీ ఉంది. ఏ పని మీద మనసు గట్టిగా పెట్టినా ఊపిరి దానంతటదే ఆగిపోతుంది.

పాఠాలు మొదలయ్యాయి. రేకుల కప్పు కింద రంపపుపొట్టు పరిచిన గుండ్రటి ఆవరణ, చుట్టూ చెక్క కంచె. మాస్టారు నడిమధ్యలో నిలబడేవాడు. “నడక” అనేవాడు. మబ్బు నడిచేది. “చిన్న పరుగు” అనేవాడు. మబ్బు తల కొంచెం ఎత్తి, గిట్టలు టకటకా వేస్తూ పరుగందుకునేది. “ఆగు” అంటే ఆగేది. దారాలక్క పని పడిపోకుండా ఉండటం, వీపు నిటారుగా పెట్టడం, మడమలు దించడం. మొదటివారం ఒళ్ళంతా పులిసిపోయి మెట్లు వెనక్కి నడిచి దిగింది. మూడోవారానికి పరుగు లయకు తగ్గట్టు జీను మీద లేస్తూ కూర్చోవడం పట్టుబడింది. అయిదోవారం ఒక పొద్దున మాస్టారు “దౌడు” అన్నాడు. మబ్బు ఒక్క అల లేచినట్టు లేచింది. గాలి ఆవిడ చెవుల్లో హోరుమంది. కంచె చెక్కలన్నీ కలిసి ఒకే గీత అయిపోయాయి. ఇంత బరువున్న జీవి నేలను ఇంత తేలిగ్గా ఎలా వదులుతుందో ఆవిడకు అర్థంకాలేదు. దిగాక చాలాసేపు దాని మెడ మీద చెయ్యి వేసి నిలబడిపోయింది.

గుర్రాలకు నాడాలు కొట్టే పని ఆవిడ అక్క మొగుడిది. అసలు ఆవిడను ఈ బడికి తెచ్చింది కూడా ఆ బావే. కొలిమి దగ్గర కూర్చుని వేళాకోళం ఆడుతుండేవాడు.

“ఏం మరదలా, మహారాణీగారు దిగారా? మాలాంటివాళ్ళతో ఇంక మాట్లాడతారా, దరఖాస్తు పెట్టుకోవాలా?”

“పెట్టుకో బావా. తీరికున్నప్పుడు చూస్తాం.”

“గుర్రం మీదున్నప్పుడు నీ మొహం చూసుకున్నావా ఎప్పుడన్నా? నా కొలిమే నయం, అంత ఎర్రగా ఉండదు.”

అందరూ నవ్వారు, ఆవిడా నవ్వింది. ఆ మాటలో ఏముందో అప్పుడెవరూ పట్టించుకోలేదు.

పరీక్ష రోజు బయటినుంచి ఒక సన్నటి మేడమ్ వచ్చింది. చేతిలో అట్ట, చెవి వెనక పెన్సిలు. అంతకుముందు పరీక్షల్లో మాస్టారే మధ్యలో నిలబడి ఏం చెయ్యాలో చెప్పేవాడు. ఈ ఏడు నిబంధన మారింది. నేర్పిన మనిషి కంచె బయట ఉండాలి, నోరు మెదపకూడదు. కొత్తవాళ్ళకు నేర్పే ఉద్యోగం గనక కొత్తవాళ్ళ గుర్రం మీదే పరీక్ష.

“నడిపించండమ్మా” అంది మేడమ్, చిన్న గొంతుతో.

దారాలక్క మడమలు తాకించింది. మబ్బు కదల్లేదు. ఇంకొంచెం గట్టిగా తాకించింది. బెల్లం కొట్టిన రాయిలా అలాగే నిలబడింది. “నడక” అంది ఆవిడ. మబ్బు చెవులు రెండూ కంచె వైపు తిరిగాయి. అక్కడ మాస్టారు చేతులు కట్టుకుని, పెదాలు బిగించి నిలబడి ఉన్నాడు. మబ్బు తల కూడా అటే తిప్పి, ఆయన కేసి చూస్తూ ఎదురుచూసింది.

మాస్టారి మొహంలో రంగు పోయింది.

ఏడు నిమిషాలు గడిచాయి. కంచె పక్కన చేరినవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. దారాలక్క చెవులు వేడెక్కాయి. కాళ్ళు ఆడించింది, పగ్గాలు కదిపింది, బతిమాలింది. మబ్బు తోక ఒకసారి ఊపి ఈగను తోలుకుంది. దాని కదలికంతా అంతే.

మేడమ్ పెన్సిలు మళ్ళీ చెవి వెనక పెట్టుకుంది. కోపంగా కాదు, ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పింది. “మీరు గుర్రం ఎక్కారు. సవారీ ఇంకా మొదలెట్టలేదు. పక్క ఊళ్ళో పరీక్షలు చూసుకుని వచ్చే గురువారం ఇటే తిరిగొస్తాను. అప్పుడు ఇంకొకసారి. ఆ తర్వాత ఇక లేదు.”

అందరూ వెళ్ళాక మాస్టారు చెక్కపీట మీద కూలబడ్డాడు.

“తప్పు నీది కాదమ్మా. పధ్నాలుగేళ్ళయింది మబ్బు ఈ బడికొచ్చి. దాని మీద కూర్చున్నవాళ్ళకి లెక్క లేదు. సవారీ చేసింది మాత్రం నేనొక్కణ్ణే, నేల మీద నిలబడి. వాళ్ళ కాళ్ళు ఏం చెప్పినా చెప్పకపోయినా నా గొంతు విని అది చేసుకుపోయింది. నా శిష్యులకి బ్రహ్మాండంగా వచ్చేసిందని నేను మురిసిపోయాను.”

దారాలక్కకు తమ్ముడు గుర్తొచ్చాడు. ఒకటో తరగతిలో వాడు పాఠమంతా గడగడా చదివేసేవాడు. ఇంటిల్లిపాదీ మెచ్చుకునేవాళ్ళు. ఒకరోజు చుట్టం ఒకాయన వంగి చూస్తే పుస్తకం తలకిందులుగా ఉంది. మేనత్త చదువుతుంటే విని బట్టీ పట్టాడు తప్ప వాడికి ఒక్క అక్షరం రాదు. ఆ రోజు అందరికంటే ఎక్కువ నవ్వింది తనే. ఇప్పుడు తన చేతిలో పుస్తకమూ అలాగే ఉందన్నమాట.

“వచ్చే గురువారందాకా నేను ఆవరణలో అడుగుపెట్టను” అన్నాడు మాస్టారు. “నా గొంతు కూడా దానికి వినపడనివ్వను. నువ్వూ అదీ ఏం మాట్లాడుకుంటారో మాట్లాడుకోండి.”

అన్నట్టే ఆయన గేటు దగ్గరున్న ఆఫీసు గదిలోకి మకాం మార్చాడు. ఆవిడ రోజూ పొద్దున్నే వచ్చి, మబ్బుకు జీను వేసి, ఆవరణలోకి తెచ్చి, పీట ఎక్కి కూర్చునేది. మొదటి రోజు గంటసేపు కూర్చుంది. మబ్బు ఒక్క అడుగు వెయ్యలేదు. రెండో రోజు అంతే. మూడో రోజు చిన్న బెత్తం తెచ్చుకుంది గానీ, ఆ మెత్తటి చర్మాన్ని, ఎక్కడ ఒరుసుకుంటుందో చూసి చూసి పదకొండేళ్ళు మెత్తలు కుట్టిన ఆ చోటును కొట్టడానికి చెయ్యి రాలేదు. తెచ్చిన బెత్తాన్ని కంచె బయటికి గిరాటేసింది.

నాలుగో రోజు బావ కొలిమి వదిలి కంచె దగ్గరికొచ్చాడు.

“ఏం మరదలా, బొమ్మకి పోజిస్తున్నావా? కింద రాతిదిమ్మె ఒకటి కడితే కూడలిలో పెట్టుకోవచ్చు.”

“నోరు ముయ్యి బావా. ఇది తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. ఎంత చెప్పినా వినదు.”

ఆవిడ మొహం చూసి బావ వేళాకోళం మానేశాడు. కంచె మీద మోచేతులు ఆనించాడు.

“చూడు, నేను ఇన్నేళ్ళుగా వీటి కాళ్ళెత్తుతున్నా. లాగితే ఒక్కటీ ఎత్తదు. నేను పక్కన నిలబడి నా బరువు ఈ కాలి మీదనుంచి ఆ కాలి మీదికి మారుస్తాను. కాసేపటికి అదీ మారుస్తుంది. కాలు దానంతటదే తేలికై చేతికొస్తుంది. ఇవి వినవనుకుంటాం గానీ, మనం చెప్పాలనుకోనివి కూడా వింటాయి.”

“మరి దీనికి నేనేం చెప్తున్నానంటావు?”

“అది నాకేం తెలుసు? నువ్వూ అదీ చూసుకోండి.”

ఆ మాట ఆవిడ మనసులో ముల్లులా దిగింది. నేను దీనికి ఏం చెప్తున్నాను?

ఇంటికెళ్తే అత్తగారు గిన్నెలు తోముతూ అడిగింది. “కదిలిందా?”

“లేదు.”

“రేపు కదులుతుందిలే. నీ మొగుణ్ణి మంచం మీదనుంచి లేపడానికి నాకు గంట పట్టేది.” అని, తోమిన గిన్నె బోర్లించి, “కార్ఖానాకి మాత్రం పోకే. అక్కడున్నప్పుడు నువ్వు నిద్రలో కూడా కాళ్ళతో మిషను తొక్కేదానివి” అంది.

ఆరో రోజు, అంటే బుధవారం పొద్దున, ఆవిడ మబ్బు మీద కూర్చునేసరికి ఆవరణలో ఎవరూ లేరు. కిటికీలోంచి వెలుగు ఏటవాలుగా పడి గాలిలో పొట్టు రేణువులు బంగారు నలకల్లా తిరుగుతున్నాయి. మడమలు తాకించింది. కదల్లేదు. పద, అనుకుంది మనసులో. పళ్ళు బిగించి, కళ్ళు దాని రెండు చెవుల మధ్య నిలిపి, సూది కంట్లోకి దారం పంపేటప్పుడు ఎంత మనసు పెడుతుందో అంతా పెట్టి, పద, పద, అనుకుంది. మబ్బు శిలలా ఉంది.

చాలా సేపటికి ఆవిడ అలిసిపోయింది. సరే. అయిపోయింది. రేపు మేడమ్ వస్తుంది, ఎల్లుండి కార్ఖానా మేస్త్రి దగ్గరికెళ్ళి నిలబడాలి. ఎప్పటినుంచి లోపల పట్టి ఉంచుకుందో, ఆ ఊపిరంతా హుస్సుమని బయటికి వదిలేసింది.

మబ్బు నడిచింది.

ఆవిడ ఉలిక్కిపడి ఊపిరి బిగబట్టింది. మబ్బు ఆగిపోయింది.

ఎంతసేపు అలా ఉందో ఆవిడకు తెలియదు.  నెమ్మదిగా, పరీక్షగా, ఊపిరి వదిలింది. తొడల బిగువు సడలింది, నడుము మెత్తబడింది. మబ్బు ముందుకాలు లేచి అడుగు పడింది. తర్వాత ఇంకో అడుగు. ఊపిరి పట్టింది. ఆగింది. వదిలింది. నడిచింది.

అప్పుడు అర్థమైంది. మనసు పెట్టిన కొద్దీ ఊపిరి బిగబడుతోంది. బావ వెక్కిరించిన ఎర్రమొహం అందుకే. ఊపిరి బిగబడితే వీపు కర్రలా నిలుస్తోంది, తొడలు పట్టకారులా పట్టుకుంటున్నాయి. మడమలేమో పద అంటున్నాయి, మిగతా ఒళ్ళంతా ఆగు అని అరుస్తోంది. మాస్టారి గొంతు ఉన్నన్నాళ్ళూ మబ్బు ఆ గొంతునే పట్టుకుని పోయింది. ఆ గొంతు లేకపోయేసరికి తన ఒంటి మాటే విన్నది. పరీక్ష రోజు ఏడు నిమిషాలూ, ఆ తర్వాత ఈ ఆరు రోజులూ, ఒక్క పొల్లు పోకుండా తను చెప్పిందే చేసింది. ఆగమంటే ఆగింది. ఎంత ఆగమంటే అంత ఆగింది. ఈగల మధ్య, ఉక్కలో, నడుం నొప్పెట్టినా, విసుక్కోకుండా, ఈ మనిషి ఎందుకు ఆగమంటోందో తెలియకపోయినా.

మొండిదని తిట్టింది దీన్ని.

“అమ్మా, మబ్బూ...” అంది.  అయిదు వందల కిలోల ప్రాణి. తన గుప్పెడు ఊపిరి పట్టి చూసుకుని నడుచుకుంటోంది. అడవిలో ఉంటే గాలి వాసనకే కొండలు దాటి పారిపోగల జీవి, నలభై ఎనిమిదేళ్ళ కుట్టుపని మనిషి లోపల ఏముందో తెలుసుకోవడానికి ఒళ్ళంతా చెవి చేసుకుని ఇన్నాళ్ళు నిలబడింది.  పగ్గాలు వదిలేసి జూలులో వేళ్ళు దూర్చింది. గుండ్రంగా ఒక చుట్టు, ఇంకో చుట్టు. ఎడమవైపు తిరగాలని చూపు అటు వేసింది, అంతే, మబ్బు మెడ అటు వంగింది. చూపుకు కూడా బరువుంటుందని ఆవిడకు ఆ పూట తెలిసింది.

మూడో చుట్టులో మబ్బు ఎడమచెవి కదిలింది. ముందుకు నిలిచి ఉండే ఆ చెవి మెల్లగా గుండ్రంగా తిరిగి, వెనక్కి, ఆవిడ వైపు ఆనింది. లోపలి మెత్తటి తెల్లవెంట్రుకలు వెలుగులో మెరిశాయి. అది అలాగే, ఆవిడ వైపే ఉండిపోయింది.

గురువారం మేడమ్ వచ్చింది. కంచె చుట్టూ ఈసారి ఇంకా ఎక్కువమంది. అత్తగారు కూడా వచ్చింది, బావ తెచ్చిన స్టూలు మీద కూర్చుంది. “పడితే ముందే చెప్పండి, కళ్ళు మూసుకుంటా” అని పక్కవాళ్ళతో అంటోంది. మాస్టారు అందరికీ వెనక నిలబడ్డాడు.

“నడిపించండమ్మా.”

దారాలక్క ఊపిరి వదిలింది. మబ్బు నడిచింది. చిన్న పరుగు అడిగారు, ఊపిరి జోరుగా వదిలింది, వచ్చింది. మలుపు అడిగారు, తిరిగింది. కంచె దగ్గర గుసగుసలు ఆగిపోయాయి. ఆవిడ పెదాలు కదలడం లేదు, కాళ్ళు కదలడం లేదు. ఏం చేస్తోందో ఎవరికీ కనబడటం లేదు. గుర్రం మాత్రం ఏదో తెలిసినట్టు పోతోంది.

మేడమ్ పెన్సిలు తీసి రాయబోయి ఆగింది. కంచె వైపు తిరిగింది.

“మాస్టారూ, చిన్న పని చేసిపెట్టండి. అది పరుగులో ఉండగా మీరు ‘ఆగు’ అనండి. ఎప్పుడూ ఎలా అంటారో అలాగే.”

మాస్టారు ఉలిక్కిపడ్డాడు. “అంటే ఆగిపోతుందండీ. పధ్నాలుగేళ్ళ అలవాటు.”

“అనండి.”

ఆయన ముందుకొచ్చాడు. కంచె పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. మబ్బు పరుగులో మలుపు తిరిగి ఆయన ఎదురుగా రాగానే నోరు తెరిచాడు.

“ఆగు!”

ఆ గొంతు రేకుల కప్పుకు తగిలి మోగింది. మబ్బు అడుగు తడబడింది. కుడిచెవి చటుక్కున ఆయన వైపు తిరిగింది. దారాలక్క ఊపిరి గొంతులోకి ఎగదన్నింది, పట్టేయబోయింది. కానీ ఎడమచెవి ఇంకా తన వైపే ఉంది. అది కనబడింది ఆవిడకు. ఒక చెవి అటు, ఒక చెవి ఇటు. అడుగుతోంది. ఏం చెయ్యమంటావు, అని అడుగుతోంది.

ఆవిడ ఊపిరి వదిలింది. పొడుగ్గా, అడుగుదాకా.

మబ్బు కుడిచెవి కూడా వెనక్కి తిరిగింది. అడుగు సర్దుకుంది. మాస్టారిని దాటి పరుగు సాగిపోయింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టాలని ఎవరికీ తోచలేదు. గిట్టల చప్పుడు, పిచ్చుకల కిచకిచ, అంతే. మాస్టారు నెత్తి మీది టోపీ తీసి గుండెకు ఆనించుకుని తల వంచాడు. ఆ పుట్టుమచ్చ అందరికీ కనబడింది.

“అదేంటి, ఈయన ఆగమంటుంటే పోతుందేంటి?” అంది అత్తగారు పెద్దగా.

“ఇప్పుడది నీ కోడలి మాట వింటోంది పెద్దమ్మా” అన్నాడు బావ.

“ఇంట్లో నేను వినడంలా?” అంది అత్తగారు, అరచేత్తో కళ్ళు తుడుచుకుంటూ.

మేడమ్ అట్ట మీద ఒక్క గీత గీసి కాగితం చింపి ఇచ్చింది. పాస్.

మరుసటి సోమవారం దారాలక్క మొదటి పాఠం చెప్పింది. వచ్చినాయన పళ్ళ డాక్టరు. యాభై దాటిన భారీ మనిషి. పీట మూడో మెట్టు మీద అయిదు నిమిషాలు ఆలోచించి, ఎలాగో ఎక్కి, జీను ముందుభాగాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. మొహం కందగడ్డయింది.

“చాలా ఎత్తుగా ఉందండీ” అన్నాడు.

“ఉంటుందండీ.”

“ఇది ఊపిరి తీస్తోంది!”

“తీస్తుందండీ.”

దారాలక్క ఆవరణ మధ్యలో, మాస్టారు నిలబడే చోట నిలబడింది. మబ్బు చెవులు రెండూ ఆవిడ మీదే ఉన్నాయి. ఒక్క మాట అంటే చాలు, నడుస్తుంది. ఆ పెద్దమనిషి మురిసిపోతాడు, ఇంటికెళ్ళి పెళ్ళానికి చెప్పుకుంటాడు. నాలుక చివరదాకా వచ్చింది ఆ మాట.

ఆవిడ వెనక్కి నడిచి కంచె దాటి బయటికొచ్చింది. గేటు వేసి దాని మీద మోచేతులు ఆనించింది.

“అదేంటండీ, మీరు వెళ్ళిపోతే ఎలా? ఏం చెయ్యాలి నేను?”

“పన్ను పీకించుకునేవాళ్ళకి మీరేం చెప్తారు డాక్టరుగారూ?”

“ఊపిరి వదలండి, బిగబట్టకండి అంటాను.”

“అదే.”

ఆయన ఆవిడ కేసి అనుమానంగా చూశాడు. మబ్బు ఇంకా ఆవిడ కేసే చూస్తోంది. దారాలక్క మొహం పక్కకు తిప్పుకుని, పిచ్చుక గూటిని చూస్తూ నిలబడింది. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత ఆ పెద్ద ఛాతీలోంచి బస్సు టైరు గాలి దిగినట్టు ఊపిరి బయటికొచ్చింది. పొట్టు మీద ఒక గిట్ట పడిన మెత్తటి చప్పుడు వినబడింది.

ఆవిడ తిరిగి చూసింది. మబ్బు నడుస్తోంది. దాని ఎడమచెవి ఆవిడను వదిలేసి, మెల్లగా గుండ్రంగా తిరిగి, వెనక్కి, ఆ కొత్తమనిషి వైపు ఆనింది.